బడికి వెళ్లని పిల్లవాడికి పుస్తకాలు చేసిన మేలు

మన ఇంటర్మీడియట్ పౌరశాస్త్రం పుస్తకంలో జాన్ స్టూవర్ట్ మిల్ రెండు మూడు పేరాల్లో అయిపోతాడు. స్వేచ్ఛ గురించి ఒక నిర్వచనం, ప్రాతినిధ్య ప్రభుత్వం గురించి ఒక మాట, అంతే. ఆ సబ్జెక్టు చాలాకాలం చెప్పిన వాణ్ని కాబట్టి, ఈ స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుడి జీవితం రాయమని మన సంఘం మిత్రులు అడగగానే నాకు ఆయనే గుర్తుకొచ్చాడు. వినడానికి కొంచెం వింతగా ఉంటుంది. మిల్ చిన్నతనంలో ఒక్క రోజు కూడా బడిలో కూర్చోలేదు. అలాంటివాడి కథ బడి సంచికలో ఎందుకంటే, చదువు మనిషిని ఎంత పైకి తీసుకెళ్లగలదో, ఎక్కడ వదిలేయగలదో, మళ్లీ ఒక పుస్తకమే వచ్చి ఎలా చేయి పట్టుకోగలదో ఆయన జీవితంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా నాకు కనిపించలేదు.

మిల్ 1806 మే 20న లండన్‌లో పుట్టాడు. తొమ్మిది మంది సంతానంలో పెద్దవాడు. తండ్రి జేమ్స్ మిల్ స్కాట్లండ్‌లో చెప్పులు కుట్టే వాని కొడుకు. స్వయంకృషితో పండితుడయ్యాడు. మన దేశంలో అడుగైనా పెట్టకుండానే బ్రిటిష్ ఇండియా చరిత్ర అనే పెద్ద గ్రంథం రాసి 1817లో ప్రచురించినది ఆయనే. కొడుకును బడికి పంపకుండా ఇంట్లో తానే చదివించాలని నిశ్చయించుకున్నాడు. మూడో ఏట గ్రీకు మొదలైంది. చిన్న చిన్న అట్టముక్కల మీద గ్రీకు మాటలు, వాటి అర్థాలు రాసి ఇచ్చేవాడు. తండ్రి చరిత్ర రాసుకుంటున్న బల్ల దగ్గరే కొడుకు కూర్చుని చదివేవాడు. అప్పట్లో గ్రీకు నుంచి ఇంగ్లీషుకు నిఘంటువు లేదు. తెలియని ప్రతి మాటకూ తండ్రినే అడగాలి. అసలే ముక్కోపి అయిన ఆ తండ్రి, కలం ఆపి ప్రతిసారీ చెప్పేవాడు. ఎనిమిదో ఏట లాటిన్ వచ్చింది. తాను నేర్చుకున్నది తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పే బాధ్యత కూడా వచ్చింది. పన్నెండో ఏట తర్కం, పదమూడో ఏట అర్థశాస్త్రం.

ఇది బట్టీ చదువు కాదని చెప్పకపోతే జేమ్స్ మిల్‌కు అన్యాయం చేసినట్టవుతుంది. పొద్దున్నే తండ్రీకొడుకులు నడకకు వెళ్లేవారు. ముందురోజు చదివినదాన్ని కొడుకు చీటీల మీద గుర్తులు రాసుకుని, నడుస్తూ తండ్రికి అప్పజెప్పాలి. దేనికైనా జవాబు తానే వెతుక్కుని, చేతకాదని తేలిన తరువాతే తండ్రి చెప్పేవాడు. ఈనాటి ఉపాధ్యాయ శిక్షణలో చెప్పే మంచి పద్ధతులు చాలావరకు అందులో ఉన్నాయి. లేనివి వేరే. సెలవులు లేవు. తోటిపిల్లలు లేరు. ఆటబొమ్మలు, బాలల పుస్తకాలు దాదాపు లేవు. ఎవరో ఇస్తే దక్కిన రాబిన్సన్ క్రూసో కథ ఒకటి మాత్రం ఆ పిల్లవాడికి ప్రాణం. అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఇంట్లో మమకారాన్ని బయటికి చూపించడం లేదు. భావావేశం అంటే తండ్రికి చిన్నచూపు. పిల్లలు ఆయనను గౌరవించారు, భయపడ్డారు. దగ్గరికి వెళ్లి మనసులో మాట చెప్పుకునే చనువు మాత్రం వాళ్లకు లేదు.

పదిహేనో ఏట జెరెమీ బెంతామ్ సిద్ధాంతాలను ఒక ఫ్రెంచి పుస్తకంలో చదివి మిల్ ఉప్పొంగిపోయాడు. ఎక్కువమందికి ఎక్కువ సుఖం కలిగేలా లోకాన్ని సంస్కరించడమే తన జీవితధ్యేయం అనుకున్నాడు. 1823లో, పదిహేడేళ్ల వయసులో, ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో తండ్రి కిందనే ఉద్యోగంలో చేరాడు. పగలు ఉద్యోగం. మిగతా సమయంలో వ్యాసాలు, చర్చా సంఘాలు, బెంతామ్ రాసిపెట్టిన సాక్ష్యాల శాస్త్రాన్ని ఐదు సంపుటాలుగా సరిదిద్దే పని. మన భాషలో చెప్పాలంటే ప్రతి పరీక్షలోనూ మొదటి ర్యాంకే.

1826 శరత్కాలంలో ఒకరోజు తనను తాను ఒక ప్రశ్న అడిగాడు. నువ్వు కోరుకున్న సంస్కరణలన్నీ ఈ క్షణమే నెరవేరితే నీకు సంతోషం కలుగుతుందా అని. లోపలినుంచి లేదు అనే సమాధానం వచ్చింది. అంతటితో ఆయన కట్టుకున్న భవనం పునాదితో సహా కూలిపోయింది. నిద్రపోతే తగ్గుతుందనుకున్నాడు, తగ్గలేదు. ఎంతో ఇష్టమైన పుస్తకాలు తెరిచాడు, వాటిలో రుచి పోయింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు. తండ్రికి అసలే చెప్పలేడు. తన చదువే ఇలా విఫలమైందని ఆ తండ్రికి ఎలా చెప్పడం? ఆ చలికాలమంతా యంత్రంలా పనులు చేసుకుపోయాడు. సంగీతం కొంత ఊరట ఇచ్చేది. అక్కడా ఒక బెంగ పట్టుకుంది. స్వరాలు కొన్నే కదా, వాటితో కట్టగల మంచి బాణీలన్నీ ఒకనాటికి అయిపోతే ఎలాగని! తర్కం నేర్చిన బుద్ధి మనసును ఎంత దూరం తరుముతుందో చూడండి. ఇలా ఏడాదికి మించి బతకలేననుకున్నాడు. పైకి మాత్రం ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఉపాధ్యాయ మిత్రులను ఇక్కడ ఒక్క క్షణం ఆగమంటున్నాను. ఇరవై ఏళ్ల కుర్రవాడు, అందరికంటే తెలివైనవాడు, ఏ పనీ ఎగ్గొట్టనివాడు, లోపల ఆరిపోతున్నాడు. మన ఊళ్లలో, మన హాస్టళ్లలో ర్యాంకుల జాబితా పైభాగాన ఇలాంటి పిల్లలు ఉండరని ఎవరం చెప్పగలం?

మిల్‌కు తెరిపి అనుకోని చోటినుంచి వచ్చింది. మార్మొంటెల్ అనే ఫ్రెంచి రచయిత స్వీయచరిత్ర చదువుతున్నాడు. అందులో తండ్రి చనిపోయిన ఘట్టం వచ్చింది. దిక్కులేకుండా విలపిస్తున్న కుటుంబాన్ని చూసి, చిన్నవాడైన మార్మొంటెల్ ఇకపై మీకు అన్నీ నేనే అని నిలబడతాడు. అది చదువుతుండగా మిల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కన్నీళ్లతోనే బరువు కొంత దిగింది. తాను రాయినో మొద్దునో కాననీ, తనలో ఇంకా అనుభూతి మిగిలే ఉందనీ తెలిసింది. అంతవరకు చదివిన మహాగ్రంథాలు చేయలేని పనిని ఒక కుటుంబ కథలోని చిన్న సన్నివేశం చేసింది.

అయితే ఒక్క పుస్తకంతో అంతా నయమైపోలేదు. ఆ దిగులు మళ్లీ మళ్లీ వచ్చింది, మొదటంత తీవ్రంగా మాత్రం కాదు. ఆ దశలో బైరన్ కవిత్వం చదివితే ఉపయోగం కలగలేదు. బైరన్ నిస్పృహా తన నిస్పృహా ఒకటే అయినప్పుడు ఓదార్పు ఎక్కడిది? 1828 శరత్కాలంలో వర్డ్స్‌వర్త్ కవితలను, పెద్దగా ఆశ లేకుండానే, చేతిలోకి తీసుకున్నాడు. పద్నాలుగేళ్ల వయసులో ఫ్రాన్స్‌లో గడిపినప్పుడు పిరనీస్ కొండలను చూసి మైమరచినవాడు మిల్. ఆ కవితల్లో మళ్లీ కొండలు, పల్లెలు కనిపించాయి. కేవలం దృశ్యాలే అయితే ఒక మంచి బొమ్మ సరిపోయేది. ఆ దృశ్యాలు చూసిన మనసులో కదిలిన నెమ్మది కూడా ఆ కవితల్లో ఉంది. లోకంలో బాధలన్నీ తీరిపోయాక కూడా మనుషులకు మిగిలే ఆనందం ఏమిటన్న తన ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. 1831లో వెళ్లి ఆ కవిని స్వయంగా కలుసుకున్నాడు కూడా.

విశ్లేషణను మిల్ వదిలిపెట్టలేదు. దానికి సమతూకంగా అనుభూతిని కూడా పెంచుకోవాలని తెలుసుకున్నాడు. సంతోషాన్నే గురిగా పెట్టుకుని వెంటపడితే అది దొరకదనీ, మరో మంచి పనిలో మునిగినప్పుడు దారిలో తానే ఎదురవుతుందనీ గ్రహించాడు. నలభై ఏళ్ల తరువాత, 1867లో, స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రెక్టర్‌గా చేసిన సుదీర్ఘ ప్రసంగంలో ఈ అనుభవమే సిద్ధాంతంగా మారింది. బుద్ధికి, నడవడికి ఇచ్చే శిక్షణతోపాటు సౌందర్యానుభూతికి ఇచ్చే శిక్షణ కూడా చదువులో మూడో భాగమని అక్కడి విద్యార్థులకు చెప్పాడు.

1830లో హారియెట్ టేలర్ పరిచయమైంది. ఆమె ఒక మందుల టోకు వ్యాపారి భార్య, పిల్లల తల్లి. ఆ స్నేహం పుస్తకాల మీద, రాతల మీద పెరిగింది. వివాహం గురించి, స్త్రీల స్థితి గురించి ఇద్దరూ వ్యాసాలు రాసుకుని ఒకరికొకరు ఇచ్చుకున్నారు. లోకం చెవులు కొరుక్కుంది. మిల్ కొందరు మిత్రులకు దూరమయ్యాడు. ఆమె భర్త 1849లో మరణించాక, 1851లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆనాటి చట్టం భార్య ఆస్తి మీద, స్వేచ్ఛ మీద భర్తకు ఇచ్చిన అధికారాలన్నిటినీ తాను వదులుకుంటున్నానని మిల్ పెళ్లికి ముందే కాగితం మీద రాశాడు. ఆ పెళ్లి తరువాత సొంత తల్లితో, చెల్లెళ్లతో కూడా కఠినంగా మెలిగాడన్నది ఆయన జీవితంలో ఒక నల్లమచ్చ.

1835లో జరిగిన మరో సంగతి పుస్తకప్రియులు మరచిపోలేరు. థామస్ కార్లైల్ ఫ్రెంచి విప్లవ చరిత్ర మొదటి సంపుటం రాతప్రతిని చదివి చెప్పమని మిల్‌కు ఇచ్చాడు. మిల్ దగ్గరున్నప్పుడు పొరపాటున పనిమనిషి దాన్ని చిత్తుకాగితాలనుకుని పొయ్యిలో వేసింది. వేరే ప్రతి లేదు. పాలిపోయిన ముఖంతో మిల్ వెళ్లి విషయం చెబితే, కార్లైల్ దంపతులే ఆయనను ఓదార్చవలసి వచ్చింది. నష్టపరిహారంగా మిల్ రెండు వందల పౌన్లు ఇవ్వబోతే కార్లైల్ వంద మాత్రమే తీసుకుని, ఆ సంపుటమంతా మళ్లీ రాశాడు. 1837లో అది వెలువడగానే దాన్ని మెచ్చుకుంటూ పెద్ద సమీక్ష రాసినవాడు మిల్.

మన దేశంతో మిల్ సంబంధం ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగం. స్వదేశీ సంస్థానాల వ్యవహారాలపై కంపెనీ పంపే లేఖలు చాలా ఏళ్లపాటు ఆయన చేతిమీదుగానే తయారయ్యాయి. మెకాలే పట్టుబట్టిన ఇంగ్లీషు చదువును విమర్శిస్తూ, సంస్కృతం, అరబిక్ విద్యలకు అందుతున్న ఆదరణ తీసేయకూడదంటూ 1836లో ఆయన ఒక లేఖ ముసాయిదా రాశాడు. పైవాళ్లు దాన్ని ఆపేశారు. అంత చదివినవాడే భారతీయులు ఇంకా స్వపరిపాలనకు సిద్ధంగా లేరని కూడా నమ్మాడు. పుస్తకాలు మనిషిని పెంచుతాయి, కానీ అన్ని గోడలూ కూల్చవు. విద్యార్థులకు మిల్ పాఠం చెప్పేటప్పుడు ఈ రెండూ కలిపే చెప్పాలి.

1858లో కంపెనీ పాలన ముగిసింది, మిల్ ఉద్యోగమూ ముగిసింది. ఆ నవంబరులో దక్షిణ ఫ్రాన్స్ వైపు ప్రయాణంలో అవిగ్నాన్ పట్టణంలో హారియెట్ మరణించింది. మిల్ అక్కడి శ్మశానానికి దగ్గరలో ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. ఇద్దరూ కలిసి వాక్యం వాక్యం దిద్దుకున్న స్వేచ్ఛ గ్రంథాన్ని 1859లో ఆమెకు అంకితమిచ్చి ప్రచురించాడు. మన విద్యార్థులు ఐదు మార్కుల కోసం చదివే ఆ పాఠం వెనక ఈ కథ ఉంది. తరువాత 1865లో పార్లమెంటుకు ఎన్నికై, 1867లో స్త్రీలకు ఓటుహక్కు కోసం సవరణ పెట్టాడు. ఓడిపోయినా 73 మంది అనుకూలంగా ఓటు వేశారు. స్త్రీల పరాధీనతపై గ్రంథం 1869లో వచ్చింది. 1873 మే 7న అవిగ్నాన్‌లోనే కన్నుమూశాడు. భార్య సమాధిలోనే ఆయననూ ఉంచారు. ఆ చీకటి రోజుల సంగతి లోకానికి తెలిసింది అదే ఏడాది వెలువడిన స్వీయచరిత్ర వల్లనే.

హారియెట్ కూతురు హెలెన్ చివరిదాకా ఆయనకు తోడుగా ఉండి, ఆయన లండన్ గ్రంథాలయాన్ని తరువాత ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కళాశాలకు ఇచ్చింది. అప్పట్లో అది ఆడపిల్లల కళాశాల. ఆడవారికి చదువుండాలని పోరాడినవాడి పుస్తకాలు చేరవలసిన చోటికే చేరాయి.

స్వర్ణోత్సవం పేరిట మనం పాఠశాలకు ఏమివ్వాలని చర్చ జరుగుతోంది. వేదిక, ప్రహరీ, నీటి యంత్రం, అన్నీ అవసరమే. వాటితోపాటు నా సూచన ఒకటి. వారానికి ఒక పీరియడు, మార్కులూ ప్రశ్నలూ లేకుండా, పిల్లలు తమకు నచ్చిన కథో కవిత్వమో చదువుకునే ఏర్పాటు చేద్దాం. పుస్తకాలు మనం కొందాం, పీరియడు ఉపాధ్యాయులు ఇవ్వాలి. ఏ పిల్లవాడికి ఏ పుటలో మార్మొంటెల్ ఎదురవుతాడో ముందుగా ఎవరమూ చెప్పలేం. ఆ పుస్తకం బీరువాలో ఉండాలి, ఆ బీరువాకు తాళం ఉండకూడదు.