ద్విచక్ర పథికుడు – పుచ్చలపల్లి సుందరయ్య

పాఠ్యభాగ ఉద్దేశం: ఉన్నత పదవులను అధిష్ఠించినప్పటికీ నిరాడంబరతను వీడని ఒక ప్రజానాయకుని జీవితాన్ని, ఆ జీవితానికి చిహ్నంగా నిలిచిన ఒక సామాన్య వాహనాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం.

జనగామ జిల్లాలోని పాలకుర్తి, బమ్మెర, కడవెండి గ్రామాలు ఒకదానికొకటి ఎంతో దూరంలో లేవు. మొదటిది పాల్కురికి సోమనాథుని, రెండవది బమ్మెర పోతనను స్మరింపజేస్తాయి. మూడవది 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన ఊరు. చెరువుకట్టల మీదుగా, తాటిచెట్ల నీడల పక్కగా, పత్తిచేల నడుమగా సాగే ఈ ప్రాంతపు దారులను తనివితీరా చూడదలచినవారికి సైకిలును మించిన వాహనం లేదు. మానుకోట అని పిలువబడిన మహబూబాబాదు మిరపచేల మధ్యనైనా, భూపాలపల్లి నుండి కాళేశ్వరం వైపు సాగే అడవి దారిలోనైనా ఇదే మాట చెప్పవచ్చు. సైకిలుపై వెళ్లేవాడు దారిన పోయేవారిని పలకరించగలడు. ఎదురైనవారి పలకరింపునూ అందుకోగలడు.

నేడు మనం చూస్తున్న సైకిలు రూపం ఇంగ్లండులో స్థిరపడింది. 1885లో కోవెంట్రీ నగరానికి చెందిన జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలతో, గొలుసు సాయంతో వెనుక చక్రం తిరిగే యంత్రాన్ని రూపొందించాడు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి నింపిన టైరుకు హక్కుపత్రం పొందాడు. అంతకుముందే, 1878లో, సైకిలు యాత్రికులు ఆ దేశంలో ఒక సంఘంగా ఏర్పడ్డారు. కర్మాగారాల పొగలో వారమంతా గడిపిన పట్టణవాసులు సెలవునాడు పచ్చని కంచెల నడుమ ఇరుకుబాటల వెంట, గమ్యం చేరాలన్న తొందర లేకుండా పల్లెసీమలలో విహరించసాగారు. వారికి సైకిలు తీరికకు తోడు.

మన దేశంలో సైకిలు నడక వేరు. పాలవానికి, తపాలా బంట్రోతుకు, పల్లెబడి పంతులుకు అది బతుకుతెరువులో భాగమైంది. అయితే తీరిక కోసం కాక, కేవలం బతుకుతెరువు కోసమూ కాక, ఒక జీవనవ్రతంగా సైకిలును స్వీకరించిన మహనీయుడొకరు మన తెలుగునాట ఉన్నారు. ఆయనే పుచ్చలపల్లి సుందరయ్య.

సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామంలో కలిగిన రైతు కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. మద్రాసులోని లయోలా కళాశాలలో ఇంటర్మీడియట్ చదువుతుండగా 1930లో ఉప్పు సత్యాగ్రహం దేశాన్ని కదిలించింది. మీ వయస్సులోనే ఉన్న ఆ యువకుడు చదువును విడిచి ఉద్యమంలో ప్రవేశించి నిర్బంధానికి గురయ్యారు. కులాన్ని సూచించే తోకను తన పేరు నుండి తొలగించుకొని సుందరయ్యగా మిగిలారు.

విడుదలై స్వగ్రామం చేరిన ఆయనకు ఊరు కొత్తగా కనిపించింది. తమ పొలాలలో చెమటోడ్చే కూలీలకు తగిన కూలి లేదు. ఊరి బావిలో నీరు తోడుకొనే హక్కు అందరికీ లేదు. ఆయన అంటరానితనాన్ని ఎదిరించారు, వ్యవసాయ కూలీలను సంఘటితపరిచారు. భూస్వాముల కుటుంబంలో పుట్టినవాడు కూలీల పక్షాన నిలవడమంటే అయినవారికి ఎదురు నిలవడమే. ఆ పరీక్షలో ఆయన తడబడలేదు. తన వాటాకు వచ్చిన ఆస్తిని సైతం ఉద్యమానికే సమర్పించారు.

1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపనలో ఆయన పాలుపంచుకున్నారు. దక్షిణాదిన కమ్యూనిస్టు ఉద్యమాన్ని నిర్మించే బాధ్యతను భుజాన వేసుకొని ఊరూరా తిరిగారు. 1943లో లీలగారిని వివాహమాడారు. సంతానం కలిగితే ప్రజాసేవకు ఆటంకమవుతుందని భావించి, ఆ దంపతులు పిల్లలు వద్దనుకొన్నారు.

ఈ దశలోనే సుందరయ్య జీవితం మన ప్రాంత చరిత్రతో పెనవేసుకొంది. నాడు జనగామ తాలూకా నిజాం పాలనలోని నల్లగొండ జిల్లాలో భాగం. విసునూరు దేశ్‌ముఖ్ గడీ చుట్టుపక్కల గ్రామాలను శాసించేది. వెట్టిచాకిరి ప్రజల నడుము విరిచేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులకు దక్కనీయక నిలిచింది. కడవెండిలో కొమరయ్య బలిదానంతో రగిలిన అగ్ని సాయుధ పోరాటమై వ్యాపించింది. ఆ పోరాట నాయకులలో సుందరయ్య ముఖ్యులు. 1948 నుండి 1952 వరకు ఆయన అజ్ఞాతవాసంలో గడిపారు. దళాలు తలదాచుకొన్న దట్టమైన అడవులలో సైకిలు చక్రం సాగదు; అక్కడ కాలినడకే శరణ్యం. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. ఆ తరువాత కూడా ఆయుధాలు పట్టి ఉండవచ్చునా అన్న వాదం ఉద్యమం లోపలే చెలరేగింది. చివరకు 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

ఆ పోరాట చరిత్రను సుందరయ్య 1972లో ఆంగ్లంలో ఒక బృహద్గ్రంథంగా వెలువరించారు. దాదాపు 3,000 గ్రామాలలో ప్రజలు తమ పాలనను తామే నెలకొల్పుకొన్నారని, 10 లక్షల ఎకరాల భూమి పేదలకు పంపిణీ అయిందని, 4,000 మంది ప్రాణాలర్పించారని ఆయన అందులో లెక్కగట్టారు. పోరాట మార్గంపై భిన్నాభిప్రాయాలున్నవారికి సైతం ఆ గ్రంథం ఆధారమైంది.

1952లో ఆయన మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యసభకు ఎన్నికై, ఆ సభలో కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించారు. నిన్నటి వరకు అజ్ఞాతంలో ఉన్న వ్యక్తి నేడు దేశపు అత్యున్నత చట్టసభలో ప్రతిపక్ష నాయకులలో ఒకరు. అధికారం, హోదా, మర్యాద అన్నీ అందుబాటులోకి వచ్చాయి. సరిగ్గా ఇక్కడే చాలామంది జీవితాలు మలుపు తిరుగుతాయి. సుందరయ్య మాత్రం సైకిలెక్కి పార్లమెంటుకు వెళ్లారు. కార్లలో వచ్చే పెద్దల నడుమ సైకిలు తొక్కుతూ వచ్చే ఆ సభ్యుడు ఢిల్లీవాసులకు వింతగా తోచారు. తెలుగువారికి మాత్రం ఆ దృశ్యం గర్వకారణమై, తరతరాలుగా చెప్పుకొనే కథ అయింది.

1955లో ఆయన గన్నవరం నియోజకవర్గం నుండి ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1962లోను, 1978లోను అక్కడి ప్రజలు ఆయనను తిరిగి గెలిపించారు. శాసనసభకు కూడా ఆయన సైకిలుపైనే వెళ్లేవారు. భూమి, నీటిపారుదల, కూలిరేట్లు వంటి అంశాలపై అంకెలతో సహా మాట్లాడడం ఆయన పద్ధతి. 1964లో ఏర్పడిన భారత కమ్యూనిస్టు పార్టీ (మార్క్సిస్టు)కి ఆయనే తొలి ప్రధాన కార్యదర్శి. కాలక్రమంలో పార్టీ అనుసరించిన విధానాలతో ఏకీభవించలేక ఆ పదవిని తామే త్యజించారు. పదవిని వీడారే గాని ప్రజలను వీడలేదు.

1985 మే 19న మద్రాసులో సుందరయ్య కన్నుమూశారు. అదే సంవత్సరం సెప్టెంబరు 10న పాలకుర్తిలో ఐలమ్మ కూడా తనువు చాలించింది. నాయకుడు, సామాన్య స్త్రీ. ఒక్క పోరాటపు రెండు అంచులు ఒకే ఏడాది అస్తమించాయి. హైదరాబాదులోని బాగ్‌లింగంపల్లిలో వెలసిన సుందరయ్య విజ్ఞాన కేంద్రం నేడు ఆయన పేరును నిలుపుతున్నది.

విద్యార్థులారా! సంస్కృత పాండిత్యం గల సోమనాథుడు జనులకు చేరువ కావాలని జానుతెనుగును, ద్విపదను ఎన్నుకొన్నాడు. కలిగిన ఇంట పుట్టిన సుందరయ్య సైకిలును ఎన్నుకొన్నారు. కాలాలు వేరు, విశ్వాసాలు వేరు. ప్రజలకు ఎడం కాకూడదన్న తపన ఒక్కటే. మీలో కొందరు పల్లెల నుండి సైకిళ్లపై కళాశాలకు వస్తుంటారు. తోటివారు మోటారు వాహనాలపై దూసుకుపోతుంటే మీ మనస్సు చిన్నబుచ్చుకోవచ్చు. అటువంటి వేళ, పార్లమెంటు ద్వారం ముందు సైకిలు దిగిన ఆ మనిషిని తలచుకోండి. రేపు మీరు ఏ వాహనమెక్కినా, దారిన నడిచేవాడు పలకరిస్తే వినపడేంత దగ్గరగా సాగిపోండి.

అభ్యాసం
1. సుందరయ్య జీవితంలో సైకిలు దేనికి సంకేతంగా నిలిచిందో వివరించండి.
2. జనగామ ప్రాంత చరిత్రతో సుందరయ్యకు గల సంబంధాన్ని తెలపండి.
3. సోమనాథుని భాషకు, సుందరయ్య జీవనవిధానానికి రచయిత చూపిన పోలికను సమీక్షించండి.