జనసంఖ్యాశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ సోవీ

ఫ్రాన్సు దేశమున 1935 మొదలు రెండవ ప్రపంచయుద్ధారంభము వరకు ఏటేట పుట్టువారికంటె గిట్టువారే అధికముగా నుండిరి. ఈ లెక్కలు ప్రభుత్వ కార్యాలయములలో నున్నను, వాని అర్థమును పాలకులకును ప్రజలకును విడమరచి చెప్పినవారు కొలదిమందియే. వారిలో ఆల్ఫ్రెడ్ సోవీ అగ్రగణ్యుడు.

ఆయన 1898 అక్టోబరు 31వ తేదీన, స్పెయిను సరిహద్దునకు సమీపముననున్న విల్నవ్-ద-లా-రహో గ్రామమున, ద్రాక్షతోటలు సాగుచేయు కుటుంబమున జన్మించెను. మొదటి ప్రపంచయుద్ధమున సైనికుడై గాయపడెను. పారిస్ పాలిటెక్నిక్ విద్యాలయమున చదివి 1922లో ప్రభుత్వ గణాంకశాఖలో చేరెను. అంకెలతో కాలము గడిపినను రగ్బీ ఆటయన్న ఆయనకు ప్రాణము. అనంతరకాలమున హాస్యచిత్రములతో ప్రసిద్ధికెక్కిన జాక్ తాతీ ఆయన జట్టులోనివాడే.

1936లో ఫ్రెంచి ప్రభుత్వము వారమునకు నలుబది గంటల పని యను చట్టము చేసెను. ఉత్పత్తి కుంటుపడిన వేళ పనిగంటలు తగ్గించుట నష్టకరమని సోవీ అభిప్రాయము. 1938లో ఆర్థికమంత్రి పాల్ రేనోకు సలహాదారుగానుండి ఆ నిబంధనను సడలించు శాసనములకు తోడ్పడెను. కార్మికులు నవంబరు 30వ తేదీన సార్వత్రిక సమ్మె చేసిరి. ఆయన అభిప్రాయము మాత్రము జీవితాంతము మారలేదు. ఆర్థికవేత్తలు నేటికిని ఈ విషయమున ఏకాభిప్రాయమునకు రాలేదు.

ఆయన కీర్తికి మూలము 1945 అక్టోబరులో ద గోల్ ప్రభుత్వము స్థాపించిన జాతీయ జనసంఖ్యాధ్యయన సంస్థ. దాని పుట్టుక నిష్కళంకమైనది కాదు. జర్మనుల ఆక్రమణకాలమున విషీ ప్రభుత్వము అలెక్సిస్ కారెల్ నాయకత్వమున నెలకొల్పిన సంస్థయొక్క పరిశోధకులలో కొందరు దీనికి సంక్రమించిరి. కారెల్ సుప్రజననవాది, మనుష్యులను మేలిరకము, నాసిరకము అని విభజించిన ఆలోచన ఆయనది. అట్టి వారసత్వముపై ప్రభుత్వ పరిశోధనాలయమును నిర్మించి విశ్వాసపాత్రము గావించుట సులభకార్యము కాదు. సోవీ 1962 వరకు దానికి అధ్యక్షత వహించెను. 1946లో పాపులేషన్ అను పత్రికను ప్రారంభించెను. జననములు, వలసలు, వార్ధక్యము, ప్రజాభిప్రాయము అన్నియు అచట పరిశీలింపబడెను. వృద్ధులు పెరుగుచు యువకులు తగ్గుచున్న జాతికి రాబోవు చిక్కులను ఆయన పదేపదే హెచ్చరించెను.

ఆ సంస్థలోనే లూయీ ఆన్రీ యను పరిశోధకుడు పాత చర్చి పుస్తకములలోని పెండ్లి, పురుడు, మరణముల నమోదులను ఒక్కొక్క కుటుంబముగా కూర్చి, నార్మండీలోని క్రులే గ్రామ జనజీవితమును పునర్నిర్మించెను. ఆ గ్రంథము 1958లో వెలువడెను. హరిద్వారమున పండాలు భద్రపరచు వంశావళి పుస్తకములను చూచినవారికి ఇందలి శ్రమయు విలువయు తెలియును.

మన దేశమునకు ఆయనతో మరియొక సంబంధము కలదు. 1952 ఆగస్టు 14న ఒక ఫ్రెంచి వారపత్రికలో వ్రాసిన వ్యాసమున, అగ్రరాజ్యముల రెండు కూటములకు వెలుపలనున్న పేదదేశములకు తృతీయ ప్రపంచమని నామకరణము చేసెను. విప్లవమునకు పూర్వము ఫ్రాన్సులో మతాధికారులకును ప్రభువులకును దిగువనుండి అణగియున్న సామాన్యవర్గమే ఆయనకు ఆదర్శము. మూడవ తరగతి యని ఆయన తలపలేదు. రానున్న కాలమున తలయెత్తబోవు జనులని తలచెను. ఈ భేదమును మరచి ఆ మాటను నిందగా వాడినవారే ఎక్కువ.

1959 నుండి పదేండ్లు కొలేజ్ ద ఫ్రాన్సు ఆచార్యుడుగా నుండి, వృద్ధాప్యమునను గ్రంథరచన మానక, ఆయన 1990 అక్టోబరు 30వ తేదీన, తొంబది రెండవ జన్మదినమునకు ఒక్క దినము ముందు పారిస్‌లో కన్నుమూసెను.