నాడి చూసి మందు ఆపిన వైద్యుడు

కాళ్లు ఉబ్బి, ఒంటికి నీరు పట్టి, పడుకుంటే ఊపిరాడక జనం చనిపోతున్న రోజులవి. ఆ వాపునకు చాలాసార్లు బలహీనపడిన గుండే కారణమని అప్పటికి వైద్యులకు స్పష్టంగా తెలియదు.

విలియం విదరింగ్ 1741లో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదివి, 1775లో బర్మింగ్‌హామ్‌ చేరాడు. నీరు పట్టినవారికి ష్రాప్‌షైర్‌లో ఒక ముసలామె ఇచ్చే నాటుమందుపై ఆ ఏడాదే ఆయన అభిప్రాయం అడిగారు. అందులో 20కి పైగా మూలికలున్నాయి. మొక్కల గురించి బాగా తెలిసిన విదరింగ్, పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లవ్‌ ఆకేనని పసిగట్టాడు.

రోజూ గంటసేపు పేదలకు ఉచితంగా వైద్యం చేస్తూ దాన్ని వాడి చూశాడు. మొదట్లో మోతాదులు ఎక్కువయ్యాయి. హద్దు దాటితే వాంతులవుతాయని, వస్తువులు పచ్చగా కనిపిస్తాయని, నాడి నిమిషానికి 35కి పడిపోయి ప్రాణమే పోవచ్చని గ్రహించాడు. అందుకే పూత సమయంలో కోసిన ఆకును ఎండబెట్టి పొడి చేసి, కొద్దికొద్దిగా ఇచ్చేవాడు. నాడి నెమ్మదించినా, కడుపులో తిప్పినా వెంటనే ఆపేవాడు.

ఇతర వైద్యులు ఎడాపెడా వాడి మందుకు చెడ్డపేరు తెస్తారన్న భయంతో 1785లో పుస్తకం ప్రచురించాడు. నయమైనవారితో పాటు నయంకానివారి వివరాలూ దాచలేదు. గుండె కదలికపై ఈ మందుకున్న పట్టునూ అందులో నమోదు చేశాడు.

1799లో క్షయతో విదరింగ్ చనిపోయాడు. అదే జాతి మొక్క నుంచి 1930లో డిజాక్సిన్‌ను వేరుచేశారు. గుండె వైఫల్యంతో పాటు లయ తప్పి వేగంగా కొట్టుకునే గుండెను నెమ్మదింపజేయడానికి దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. మోతాదు విషయంలో విదరింగ్ పాటించిన జాగ్రత్త నేటికీ తప్పదు.