వెండి గూడుబండి నిర్మాత వాలీ బయమ్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని కార్యదర్శిగారు అడిగారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి తోటి మిత్రులు ఎటూ రాస్తారు. అందుచేత నేను అమెరికాలో పేరుపొందిన వాలీ బయమ్‌గారిని ఎంచుకున్నాను. ఎయిర్‌స్ట్రీమ్ అనే వెండిరంగు గూడుబండిని తయారుచేసినది ఆయనే. పదవీ విరమణ చేసిన మనబోటివారికి ఆయన జీవితంలో పనికివచ్చే విషయం ఒకటి ఉంది.

నేను రవాణా శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. మా రిజిస్టర్లలో ట్రెయిలర్ అంటే ట్రాక్టరు వెనుక ధాన్యం బస్తాలో, చెరకో మోసే ట్రక్కు. అమెరికాలో అదే మాటకు కారు వెనుక తగిలించుకుని తీసుకుపోయే చిన్న ఇల్లు అనే అర్థం కూడా ఉంది. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళ తొట్టి ఉంటాయి. మన పెద్దలు ఎడ్లను పూన్చి తిరునాళ్ళకు వెళ్ళిన గూడుబండికి అది దూరపు చుట్టమనుకోవచ్చు.

బయమ్‌గారు 1896 జూలై 4న ఆరిగాన్ రాష్ట్రంలోని బేకర్ సిటీలో జన్మించారు. కుర్రతనంలో గొర్రెలు కాశారు. అప్పుడు ఆయన నివాసం గాడిద లాగే రెండు చక్రాల బండి. అందులోనే కిరోసిన్ పొయ్యి, తిండి సామాను, నీళ్ళు, పడక. ఆ తరువాత కొంతకాలం ఓడల మీద పనిచేశారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివారు. లాస్ ఏంజిలిస్‌లో ప్రకటనల రంగంలోను, పత్రికల ప్రచురణలోను స్థిరపడ్డారు.

ఆయనకు ఊళ్ళు తిరగడమంటే ఇష్టం. భార్యకు మాత్రం నేల మీద పడుకోవడం, వంటగది లేకుండా గడపడం నచ్చలేదు. ఆవిడ పేచీ న్యాయమైనదేనని మన ఇళ్ళలో ఆడవారందరూ ఒప్పుకుంటారు. ఆవిడ కోసం ఆయన పాత ఫోర్డ్ మోడల్ టి కారు చాసిస్ మీద మొదట గుడారం వేశారు, తరువాత నీటిబొట్టు ఆకారంలో గట్టి కప్పు కట్టి లోపల పొయ్యి అమర్చారు. దానిని ఎలా కట్టుకోవాలో పత్రికలో రాస్తే నమూనాల కోసం జనం ఎగబడ్డారు. చక్రాల నడుమ నేలను దించి, పైకప్పును ఎత్తి, మనిషి నిటారుగా నిలబడి వంట చేసుకునేలా మార్చారు. 1931లో, దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజుల్లో, కాలిఫోర్నియాలో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ మొదలుపెట్టారు.

లిండ్‌బర్గ్ 1927లో అట్లాంటిక్ దాటిన విమానం నిర్మాణాన్ని పర్యవేక్షించిన హాలీ బౌలస్ 1934లో అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి రోడ్ చీఫ్ అనే ట్రెయిలర్ తయారుచేశారు. బయమ్‌గారు ఆ పద్ధతిని చేపట్టి, ముందువైపు ఉన్న తలుపును పక్కకు మార్చి, 1936లో క్లిప్పర్‌ను విడుదల చేశారు. కోడిగుడ్డు పెంకులాగ పైరేకే బరువు మోస్తుంది. గుండ్రని ఆకారం వల్ల గాలి తక్కువ అడ్డుతుంది. నలుగురు పడుకోవచ్చు. ధర 1,200 డాలర్లు. రెండవ ప్రపంచ యుద్ధంలో అల్యూమినియం విమానాలకు మళ్ళడంతో కంపెనీ మూతపడింది. ఆయన విమాన కర్మాగారాలలో పనిచేసి, యుద్ధం ముగిశాక మళ్ళీ సొంత కంపెనీ తెరిచారు. 1952లో ఒహాయో రాష్ట్రం జాక్సన్ సెంటర్‌లో రెండవ కర్మాగారం పెట్టారు. మార్పు కోసం మార్పు చేయరాదని, మెరుగయితేనే చేయాలని ఆయన నియమం. 1930లలో పుట్టిన వందలాది ట్రెయిలర్ కంపెనీలు పోగా ఇది నిలిచింది.

అయితే ఆయన చేసిన పెద్ద పని బండి కాదని నా అభిప్రాయం. బండి కొన్నవారు దానిని పెరట్లో నిలబెట్టుకోకుండా, వారందరినీ ఒక బృందంగా కూర్చి తానే ముందు నడిచారు. 1951-52లో మొదటిసారి మెక్సికో, మధ్య అమెరికా దేశాల మీదుగా 63 బండ్లు బయలుదేరితే, చెడ్డ దారుల వల్ల నికరాగువా దాకా చేరినవి 14 మాత్రమే. ఇంకొకరయితే అక్కడితో మానుకునేవారు. ఆయన మానలేదు. 1955లో కెనడాలో బండ్ల యజమానులంతా సంఘంగా ఏర్పడి దానికి ఆయన పేరే పెట్టుకున్నారు. 1957లో బయటి కరెంటు, నీటి కుళాయి లేకపోయినా మరుగుదొడ్డితో సహా అన్నీ పనిచేసే ఇంటర్నేషనల్ అనే బండి తెచ్చారు. 1959లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో 41 బండ్లతో, 106 మందితో బయలుదేరి, బురదలు, ఎడారులు దాటి 1960లో కైరో చేరి, పిరమిడ్ల దగ్గర బండ్లు నిలిపారు. ఆ బృందంలో చాలామంది మనలాగే విశ్రాంత జీవులు.

మరింత దూరం ప్రపంచయాత్ర తలపెట్టి ఉండగా, మెదడులో కణితి వల్ల 1962 జూలై 22న ఆయన కన్నుమూశారు. వయసు 66 సంవత్సరాలు. ఈ సంచిక చదివేవారిలో చాలామందిమి ఆ వయసు దాటినవాళ్ళమే. ఆయన పోయినా యాత్ర ఆగలేదు. 1963-64లో ఆయన అనుచరులు సింగపూర్‌లో బయలుదేరి, మన దేశం మీదుగా సాగి, పోర్చుగల్ చేరుకున్నారు. 1969లో చంద్రుని మీదనుంచి వచ్చిన అపోలో-11 వ్యోమగాములను ఎవరికీ తగలకుండా ఉంచినది కూడా ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ కట్టిన గదిలోనే. జాక్సన్ సెంటర్‌లో ఆ బండ్లు నేటికీ తయారవుతున్నాయి.

మన తెలుగువారికి బృందంతో యాత్ర కొత్త కాదు. మదరాసు సుప్రీం కోర్టులో ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31లో పెద్ద పరివారంతో కాశీయాత్ర చేసి వచ్చారు. మరి ఈనాడు మన సంఘం వేసే యాత్రా బస్సులో సీట్లు ఎందుకు మిగిలిపోతున్నాయి? డబ్బులేక కాదు, భక్తిలేక కాదు. బస్సు మెట్టు ఎత్తు. మోకాలు వంగదు. దారిలో మరుగుదొడ్డి ఎక్కడ దొరుకుతుందో తెలియదు. నలుగురిలో ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గు. ముఖ్యంగా ఆడవారు పొద్దుటినుంచీ మంచినీళ్ళు మానేసి కూర్చుంటారు. ఈ బెంగతోనే నేనూ రెండేళ్ళుగా పేరు ఇవ్వలేదు.

ధైర్యంగా ఉండమని చెప్పి బయమ్‌గారు వృద్ధులను ఆఫ్రికా దాటించలేదు. వంటకు, పడకకు, మరుగుకు ముందే ఏర్పాటు చేసి, తోడు చూపించారు. ధైర్యం దానంతటదే వచ్చింది. కనుక కార్యవర్గానికి నా మనవి: ఈసారి యాత్రకు రెండు గంటలకొక మజిలీని మరుగుదొడ్డి చూసుకుని ముందే నిర్ణయించండి. మెట్టు కింద వేయడానికి ఒక పీట పెట్టండి. ముందు సీట్లు మోకాళ్ళ నొప్పులవారికి వదలండి. ఈ మూడూ జరిగితే జాబితాలో మొదటి పేరు నాదే రాసుకోవచ్చు. ఇంటి గేటు దగ్గరే ఆగిపోయిన మిత్రులను వెంటబెట్టుకు వచ్చే పూచీ కూడా నాదే.