ఎవరూ పోలేదు ఆంటీ, ఆల్బమ్ వింటున్నా

మొన్న ఒక ఆదివారం పొద్దున్నే సనత్‌నగర్‌లో మా ఇంట్లో బ్లూటూత్ స్పీకర్ మీద ఘంటసాల గారి భగవద్గీత పెట్టాను. పది నిమిషాలు కూడా కాలేదు, పక్క పోర్షన్ ఆంటీ కంగారుగా తలుపు దగ్గరికి వచ్చేసింది. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందా అని మెల్లగా అడిగింది. హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నానమ్మని చూశాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు.

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆంటీ తప్పేం లేదనిపించింది. ఆ గొంతు, ఆ శ్లోకం వినపడితే మనలో చాలామందికి మొదట గుర్తొచ్చేది వైకుంఠ రథమే కదా. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగిన బండి, దాని చుట్టూ బంతిపూల దండలు, లోపల్నుంచి ఘంటసాల. నాకూ అంతే. పోయిన ఏడాది మా తాతయ్య పోయినప్పుడు ఫ్రీజర్ బాక్స్ పక్కన ఎవరో ఫోన్‌లో ఇదే పెట్టారు. రాత్రంతా మోగింది. ఆ తర్వాత మా ఇంట్లో దాన్ని ఎవరూ పెట్టలేదు.

ఫ్రెండ్స్, నేను మెటల్ పిచ్చోణ్ణి అని మన క్లాసులో అందరికీ తెలుసు. ఇంగ్లీష్ మీడియం చదువు, చెవుల్లో ఎప్పుడూ బ్లాక్ సబ్బాత్, మెటాలికా. తాతయ్యకి అవి పాటల్లా కాదు, గోలలా అనిపించేవి. ఆయన పనిచేసింది ఇక్కడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో, లేత్ మిషన్ మీద. ఒకసారి బ్లాక్ సబ్బాత్ గిటారిస్ట్ టోనీ అయోమీ కథ చెప్పాను. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో మిషన్ కింద పడి రెండు వేళ్ళ చివర్లు తెగిపోతే, ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకుని మళ్ళీ గిటార్ పట్టుకున్నాడు. నా సంగీతంలో తాతయ్యకి నచ్చింది ఆ కథ ఒక్కటే. మిషన్ల దగ్గర వేళ్ళు పోవడం ఆయన చూసినదే.

బదులుగా ఆయన నాకు ఘంటసాల గారి కథ చెప్పబోయేవాడు. తాతయ్యది గుడివాడ వైపు. ఘంటసాల గారిదీ ఆ వైపే కాబట్టి సొంత మనిషిలా మాట్లాడేవాడు. నేను ఊ కొడుతూ ఫోన్ చూసుకునేవాణ్ణి. ఆ కథ మొత్తం నాకు తెలిసింది ఆయన పోయాక, నేనే వెతుక్కుని చదువుకుంటే.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. నాన్న సూరయ్య గారు మృదంగం వాయిస్తూ తరంగాలు పాడేవారు. చిన్న పిల్లాణ్ణి వెంట తీసుకెళ్తే ఆ పాటకి అడుగులు వేసేవాడట. నాన్న తొందరగానే పోయారు. కొడుకు సంగీతం నేర్చుకోవాలన్నది ఆయన చివరి కోరిక. ఆ కోరిక తీర్చడానికి కుర్రాడు చేతి ఉంగరం అమ్మేసి విజయనగరం రైలెక్కాడు. అక్కడ మహారాజా వారి సంగీత కళాశాల ఉంది.

మనం కౌన్సెలింగ్‌లో సీటు రాకపోతేనే డీలా పడిపోతాం. ఆయనకి అక్కడ తినడానికి తిండి లేదు, ఉండడానికి చోటు లేదు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఇంట్లో ఉంచుకుని చదువు చెప్పారు. గురువు గారిది కూడా బీద ఇల్లే కాబట్టి శిష్యుడు జోలె కట్టుకుని మధుకరానికి వెళ్ళేవాడు. వీధి వీధి తిరిగి అన్నం అడుక్కుని, వచ్చి సాధన చేసేవాడు. చదువయ్యాక ఊరికి తిరిగొచ్చి కచేరీలు మొదలుపెడుతుండగా క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. అందులో దిగి అరెస్టయి బళ్ళారి దగ్గర అలీపురం జైల్లో ఉన్నారు.

1944లో సావిత్రి గారితో పెళ్ళయింది. సముద్రాల రాఘవాచార్య గారి మాట మీద మద్రాసు చేరారు. రేడియోలో పాడారు, కోరస్‌లో పాడారు, సినిమాల్లో చిన్న వేషాలు వేశారు. ఆ రోజుల్లో రాత్రిళ్ళు పానగల్ పార్కులో పడుకునేవారని చెబుతారు. 1945లో స్వర్గసీమ సినిమాలో భానుమతి గారితో పాడాక దారి దొరికింది. తర్వాతిది మీకు తెలిసిందే. పాతాళభైరవి, లవకుశ సంగీతం ఆయనదే. మాయాబజార్‌లో సాలూరి రాజేశ్వరరావు గారు నాలుగు పాటలు చేసి తప్పుకుంటే మిగతాది పూర్తి చేసిందీ ఆయనే. ఎన్టీఆర్‌కి పాడితే ఎన్టీఆర్ పాడినట్టు, ఏఎన్నార్‌కి పాడితే ఏఎన్నార్ పాడినట్టు ఉండేది. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, యూరప్ వెళ్ళి కచేరీలు చేసి వచ్చారు.

ఇక్కడి నుంచి కథ మన హైదరాబాద్‌కి వస్తుంది. 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. అప్పటికే షుగర్ ఉంది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి బయటికొచ్చారు. వయసు యాభై. అంతకు ముందున్న బలం గొంతులో లేదు. సినిమా పాటల్లో కొత్త గొంతులు వచ్చేశాయి. అలాంటప్పుడు ఎవరైనా రెస్ట్ తీసుకుంటారు. ఆయన చాలాకాలంగా మనసులో ఉన్న పని పట్టుకున్నారు. హెచ్.ఎం.వి. కంపెనీకి భగవద్గీత పాడారు.

సినిమా పాట ఒక సీన్ కోసం, ఒక హీరో కోసం తయారవుతుంది. నిడివి మూడు నాలుగు నిమిషాలు. ఇక్కడ సీన్ లేదు, హీరో లేడు. ఘంటసాల గారికి ఇది పూర్తిగా కొత్త కూడా కాదు. కరుణశ్రీ గారి పుష్పవిలాపం పద్యాలు ప్రైవేటు రికార్డుగా పాడి ఇంటింటికీ చేర్చింది ఆయనే. కానీ గీత చాలా పెద్దది. 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. అందులోంచి నూరు పైచిలుకు శ్లోకాలు ఏరి, సంగీతం కట్టి, ప్రతి శ్లోకం తర్వాత తెలుగులో తాత్పర్యం కూడా ఆయనే చెప్పారు. సంస్కృతం రాని మా తాతయ్య లాంటి వాళ్ళకి, తెలుగే సరిగ్గా రాని నా లాంటి వాళ్ళకి కూడా అర్థమయ్యేలా.

ఆ ఆదివారం నేను దాన్ని మెటల్ ఆల్బమ్ విన్నట్టే విన్నాను. అంటే షఫుల్ చేయకుండా, మొదటి నుంచి, వేరే పని పెట్టుకోకుండా. అప్పుడు కొన్ని విషయాలు తెలిశాయి. వాయిద్యాలు ఎక్కడా గొంతుని మింగవు. శ్లోకం మారుతుంటే రాగం మారుతుంది. భయం చోట ఒకటి, శాంతం చోట ఇంకొకటి. పాడే గొంతు వేరు, అర్థం చెప్పే గొంతు వేరు. రెండోది ఇంట్లో పెద్దాయన పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టుంటుంది. సినిమా పాటల్లో పైస్థాయిలో ఉరిమే ఘంటసాల ఇక్కడ చాలా చోట్ల కిందే ఉండిపోతారు. ఆయన ఆరోగ్యం సంగతి తెలిశాక ఆ నిదానం నాకు వేరేగా వినిపించింది. ఉన్న ఊపిరిని లెక్కపెట్టి ఖర్చు చేస్తున్న మనిషిలా అనిపించారు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన చనిపోయారు. వయసు 51. ఆ రికార్డు ఎల్పీ నుంచి క్యాసెట్‌కి, క్యాసెట్ నుంచి సీడీకి, యూట్యూబ్‌కి మారడం, గుడి మైకుల్లో పొద్దున్నే మోగడం, ప్రతి తెలుగు ఇంటికీ చేరడం ఆయన చూడలేదు. అది చావు ఇంటి గుర్తుగా మారిపోవడం కూడా చూడలేదు.

ఎందుకలా మారిందో ఊహించడం కష్టం కాదు. ఆత్మకి చావు లేదని చెప్పే శ్లోకాలు అందులో ఉన్నాయి. పోయినవాళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళకి అంతకంటే ఓదార్పు ఏముంటుంది? తాతయ్య దగ్గర ఆ రాత్రి నాకూ అది తోడుగానే ఉంది. అందులో తప్పు లేదు. కానీ అది ఒక్కటే మిగలడం అన్యాయం. కథ మొదలయ్యేది ఎక్కడ? చేయాల్సిన పని ముందు చేతులు వణికి, విల్లు కింద పెట్టేసి, నావల్ల కాదని కూలబడిన అర్జునుడి దగ్గర. 18 అధ్యాయాలూ అతన్ని లేపి నిలబెట్టడానికే. బ్యాక్‌లాగ్స్ పెట్టుకుని హాస్టల్ రూములో ముసుగు తన్నిన మనకి చెప్పాల్సిన మాటలు, బాక్సులో పడుకున్నవాళ్ళకి వినిపిస్తున్నాం.

మెటల్‌కి కూడా ఇదే గొడవ. బ్లాక్ సబ్బాత్ పేరు, నల్ల బట్టలు చూసి వాళ్ళవి దయ్యాల పాటలు అని ముద్ర వేశారు. 1970లో వచ్చిన పారనాయిడ్ ఆల్బమ్‌లో మొదటి పాట యుద్ధాన్ని తిడుతుందని వినకుండానే తేల్చేశారు. తాతయ్య నా పాటల్ని అలా తేల్చేశాడని నాకు కోపం వచ్చేది. ఆయన గీతని నేను చేసిందీ అదే.

ఆ రోజు ఆంటీ వెళ్ళాక స్పీకర్ ఆపబోయాను, నానమ్మకి బాధేమో అని. ఆవిడ వద్దంది. తాతయ్య ఆదివారాలు పొద్దున్నే గడ్డం గీసుకుంటూ టేప్ రికార్డర్‌లో ఇదే పెట్టుకునేవాడట, నేను పుట్టకముందు. క్యాసెట్ నలిగిపోతే పెన్సిల్ పెట్టి తిప్పేవాడట. గడ్డం గీసుకుంటూ వినే పాట అది! చావు కోసం కాదు, డ్యూటీ లేని రోజు కోసం. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళలో తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు.

ఫ్రెండ్స్, మీ ఇంట్లో తాతయ్యలు ఉంటే వాళ్ళతో కూర్చుని ఒక్కసారి వినండి, పట్టపగలు, అందరూ బాగున్నప్పుడు. లేకపోతే ఇయర్‌ఫోన్స్‌లో మొదటి అధ్యాయం అయినా వినండి.

మా ఇంట్లో ఇప్పుడు ప్రతి ఆదివారం పెడుతున్నాను. కాకపోతే పెట్టే ముందు పక్కింటి ఆంటీకి ఒక మాట చెప్పి రమ్మంది నానమ్మ.