నాదయోగి త్యాగయ్య

తమిళదేశంలో సంగీత కచేరీ జరిగేచోట కాసేపు కూర్చుంటే మన చెవిన తెలుగు మాటలు పడతాయి. పాడే విద్వాంసుని ఇంటి భాష తమిళం కావచ్చు. వినేవారిలో ఎక్కువమందిది తమిళమే కావచ్చు. అయినా పాట తెలుగు. అటువంటి పాటలలో చాలావాటిని రచించినవాడు త్యాగయ్య. మదురై, కోయంబత్తూరు ప్రాంతాలలో తరతరాలుగా నివసిస్తున్న తెలుగువారి వలెనే ఆయన కూడా తమిళదేశంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాడు.

విజయనగర రాజుల కాలంలోను, నాయకరాజుల కాలంలోను సైనికులు, రైతులు, నేతపనివారు, పండితులు ఎందరో తెలుగుదేశం నుండి దక్షిణానికి తరలివచ్చారు. త్యాగయ్య పూర్వులది కాకర్లవారి వంశం. కంభం ప్రాంతంలోని కాకర్ల గ్రామం వారి స్వస్థలం. మదురైని, తంజావూరును ఏలిన నాయకరాజులు తెలుగును ఆదరించారు. తరువాత తంజావూరును పాలించిన మరాఠా రాజుల కొలువులోనూ తెలుగు పాటకు మన్నన తగ్గలేదు.

త్యాగయ్య 1767లో తిరువారూరులో జన్మించాడు. తండ్రి రామబ్రహ్మం, తల్లి సీతమ్మ. చిన్నతనంలోనే ఆ కుటుంబం కావేరీ తీరాన ఉన్న తిరువయ్యారుకు చేరింది. తంజావూరు ఆస్థాన విద్వాంసుడైన శొంఠి వెంకటరమణయ్య వద్ద త్యాగయ్య సంగీతం అభ్యసించాడు. గురువు పాడగా వినడం, విన్నదాన్ని తిరిగి పాడడం, తప్పు దిద్దుకోవడం, ఇదే ఆనాటి చదువు.

విద్య పూర్తి అయిన తరువాత త్యాగయ్య రాజాశ్రయాన్ని కోరలేదు. శరభోజి మహారాజు పిలిపించినా కొలువుకు వెళ్లలేదని, అందుకు కోపించిన అన్న ఆయన పూజించే రామ విగ్రహాలను కావేరిలో పడవేశాడని పెద్దలు చెబుతారు. త్యాగయ్య వీధులలో కీర్తనలు పాడుతూ ఉంఛవృత్తితో జీవించాడు. వచ్చిన బియ్యంతోనే ఇంటివారికి, శిష్యులకు భోజనం జరిగేది. ఆయన రచనలలో సుమారు ఏడువందల కీర్తనలు నేడు లభిస్తున్నాయి. ఘనరాగ పంచరత్నాలు, ప్రహ్లాద భక్తి విజయం, నౌకా చరిత్రం వాటికి అదనపు కీర్తి తెచ్చాయి.

త్యాగయ్య పుట్టిన మూడేళ్లకు, 1770లో, జర్మనీ దేశంలో బీథోవెన్ అనే మహా సంగీతకారుడు జన్మించాడు. పియానో వాద్యం పెరిగి పెద్దదవుతున్న కాలం అది. బీథోవెన్ దానికోసం 32 సొనాటాలు రచించాడు. అక్కడి సంగీతకారులు తమ స్వరాలను ఐదు గీతల మీద గుర్తులతో తామే రాసేవారు. అందువల్ల నేడు పియానో నేర్చుకొనే బాలుడు ఆ కాగితం చూసి బీథోవెన్ రాసిన స్వరాలనే వాయించగలుగుతున్నాడు. శరభోజి కాలంలో తంజావూరు కొలువులో పాశ్చాత్య వాద్యాలు కూడా మోగేవి. త్యాగయ్య పాటలు కొన్నింటిలో ఆ బ్యాండు మేళాల పోకడ వినిపిస్తుందని సంగీతజ్ఞులు అంటారు.

మరి త్యాగయ్య పాటలు మనదాకా ఎలా వచ్చాయి? శిష్యుల నోటి ద్వారాను, చేతి రాత ద్వారాను వచ్చాయి. ఆ శిష్యులలో ముఖ్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్. ఆయన 1781లో సౌరాష్ట్ర కుటుంబంలో పుట్టాడు. ఆయన మాతృభాష తెలుగు కాదు. అయినా తెలుగు నేర్చి, గురువుగారి కీర్తనలను తెలుగు లిపిలో శ్రద్ధగా రాసి ఉంచాడు. ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ కూడా ఆ పని కొనసాగించాడు. ఆ కుటుంబంవారు భద్రపరచిన తాటాకులు, కాగితపు ప్రతులు తరువాత మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. త్యాగయ్య పాట ఏ రూపంలో ఉండేదో తెలుసుకోవడానికి పరిశోధకులకు అవి ఆధారమయ్యాయి.

1890ల్లో మద్రాసులో ఎ.ఎం. చిన్నస్వామి మొదలియార్ అనే ఉద్యోగి కృష్ణస్వామి భాగవతార్ వద్ద కీర్తనలు విని, వాటిని పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద రాసి అచ్చువేయించాడు. దానితో పియానో నేర్చిన విదేశీయులకు సైతం త్యాగయ్య స్వరాలను చదివే వీలు కలిగింది.

అయితే రాతలో అంతా ఇమడదు. పియానోలో ఒక మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి తీగను తాకి ఒకే స్వరం పలుకుతుంది. ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారుతూ, ఊగుతూ పోయే గమకం ఆ మెట్ల మీద పలకదు. అది గురుముఖంగా నేర్వవలసిందే. అలాగే మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ కలపాలో స్వరాల గుర్తులు చెప్పవు. తప్పుచోట విరిస్తే పాట అర్థమే మారిపోతుంది. దానికి తెలుగు తెలియాలి.

త్యాగయ్య తన చివరి రోజులలో సన్యాసం స్వీకరించి, 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, తిరువయ్యారులో పరమపదించాడు. ఆయన సమాధి వద్ద బెంగుళూరు నాగరత్నమ్మ తన ధనంతో ఆలయం కట్టించింది. ఏటా పుష్య బహుళ పంచమినాడు విద్వాంసులు అక్కడ చేరి పంచరత్నాలను ఒక్క గొంతుగా పాడతారు. వారిలో తెలుగు రానివారు ఎందరో ఉంటారు.

తెలుగు ఇంటిభాష కానివారు ఈ పాట కోసం తెలుగు నేర్చుకొన్నారు. ఇంట్లో తెలుగు వింటూ పెరిగిన మనం దానిని చదవడం, రాయడం మరచిపోతే ఆ పాటలు మన చెవిన పడినా మనసుకు చేరవు. తెలుగును నిలుపుకొన్నవారికి త్యాగయ్య స్వరంతోపాటు మాట కూడా దక్కుతుంది.