మూడవ సాలార్ జంగ్

నవాబ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (జూన్ 13, 1889 - మార్చి 2, 1949) హైదరాబాదు సంస్థానానికి చెందిన ప్రముఖుడు, నిజాం ప్రభుత్వ దివాను, కళావస్తు సేకర్త. మూడవ సాలార్ జంగ్‌గా ప్రసిద్ధుడు. హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం ఈయన సేకరణల నుండే ఏర్పడింది. ఈయన అవివాహితుడిగా, సంతానం లేకుండా మరణించినందున, భవనం నిండా మిగిలిన చరాస్తులు ఎవరికి చెందాలన్న ప్రశ్న దాదాపు పది సంవత్సరాలు సాగింది. మృతుని చరాస్తుల విషయంలో చట్టం ఎలా వ్యవహరిస్తుందో తెలుసుకొనడానికి ఈ ఉదంతం మంచి ఉదాహరణ.

బాల్యము, కుటుంబము

యూసుఫ్ అలీఖాన్ పూణేలో జన్మించాడు. ఈయన తాత మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్ జంగ్‌గా పేరుపొందిన దివాను. ఆయన 1883లో మరణించాడు. తండ్రి మీర్ లాయక్ అలీఖాన్, రెండవ సాలార్ జంగ్. కుమారుడు పుట్టిన నెల తిరగకుండానే తండ్రి మరణించడంతో, పసికందుగా ఉండగానే యూసుఫ్ అలీఖాన్ ఒక పెద్ద ఎస్టేటుకు వారసుడయ్యాడు. యుక్తవయసు వచ్చేవరకు ఆస్తి వ్యవహారాలు నిజాం ప్రభుత్వ పర్యవేక్షణలో నడిచాయి. ఈయన నిజాం కళాశాలలో చదువుకున్నాడు.

దివాన్ పదవి

1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఈయనను దివానుగా నియమించాడు. అప్పటికి ఈయన వయసు 23 సంవత్సరాలు. రెండేళ్ళకే, 1914లో, ఈయన పదవికి రాజీనామా చేశాడు. తరువాతి జీవితమంతా పుస్తకాలు, కళావస్తువుల సేకరణలోనే గడిచింది.

సేకరణ

సేకరణకు తాతగారి కాలంలోనే పునాది పడింది. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని మొదటి సాలార్ జంగ్ 1876లో రోము నగరంలో కొన్నాడు. మనవడు ఆ సంపదను ఎన్నో రెట్లు పెంచాడు. జాగీరు ఆదాయంలో పెద్ద భాగాన్ని ఇందుకే వెచ్చించాడు. దంతపు వస్తువులు, పచ్చరాతి పాత్రలు, ఆయుధాలు, గడియారాలు, తివాచీలు, పింగాణీ, సూక్ష్మచిత్రాలు, అరబ్బీ, పారశీక, ఉర్దూ వ్రాతప్రతులు వేల సంఖ్యలో పాతబస్తీలోని దివాన్ దేవిడీ భవనానికి చేరాయి. దేశవిదేశాల వ్యాపారులు తమ సరుకుతో ఈయన వద్దకు వచ్చేవారు.

మరణం నాటి పరిస్థితి

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాదు సంస్థానం భారత ప్రభుత్వ అధీనంలోకి వచ్చింది. ఆరు నెలలైనా గడవకముందే, 1949 మార్చి 2న, ఈయన మరణించాడు. కుటుంబ సమాధులున్న మీర్ మోమిన్ దాయరాలో ఖననం చేశారు. భార్య గాని, సంతానం గాని, తోబుట్టువులు గాని లేరు. దూరపు బంధువులు వారసత్వం కోరుతూ ముందుకు వచ్చారు.

జాగీరు, మత్రూకా

హైదరాబాదు సంస్థాన న్యాయంలో ఒక ప్రభువు మరణించినప్పుడు అతని సంపదను రెండు భాగాలుగా చూసేవారు. జాగీరు ప్రభువు ఇచ్చినది. అది జాగీర్దారు జీవితకాలానికే పరిమితం. అతడు మరణించగానే ప్రభుత్వానికి తిరిగి చేరేది. వారసునికి దానిని మళ్ళీ మంజూరు చేయడం ఆనవాయితీ. ఆ తరువాత 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనంతో ఈ పద్ధతి పూర్తిగా అంతరించింది.

మృతుడు వదలి వెళ్ళిన సొంత ఆస్తిని మత్రూకా అంటారు. ఇళ్ళు, నగదు, నగలు, సామాను, పుస్తకాలు అన్నీ దీని క్రిందికే వస్తాయి. ఇది మృతుని వ్యక్తిగత మతధర్మశాస్త్రం ప్రకారం వారసులకు చెందుతుంది. కనుక జాగీర్ల రోజులు ముగుస్తున్న ఆ సమయంలో దివాన్ దేవిడీలోని వస్తువులే ఈ వంశపు సంపదలో ముఖ్యభాగమయ్యాయి.

చరాస్తుల వారసత్వం

ముస్లిం ధర్మశాస్త్రం ప్రకారం మృతుని ఆస్తి నుండి మొదట అంత్యక్రియల ఖర్చు, తరువాత అప్పులు చెల్లించాలి. వీలునామా ఉంటే, వారసుల అంగీకారం లేకుండా, మిగిలినదానిలో మూడవ వంతుకు మించి ఇతరులకు చెల్లదు. శేషం వారసుల మధ్య నిర్ణీత భాగాలుగా పంపిణీ అవుతుంది. మరణించిన క్షణం నుండే ప్రతి వారసునికి తన భాగంపై హక్కు ఏర్పడుతుంది.

సాలార్ జంగ్ కుటుంబం షియా శాఖకు చెందినది. షియా ధర్మశాస్త్రంలో చరాస్తులకు కొన్ని ప్రత్యేక నియమాలున్నాయి. తండ్రి ధరించిన వస్త్రాలు, ఉంగరం, ఖడ్గం, ఖురాను ప్రతి పెద్దకుమారునికి చెందుతాయి. సంతానం లేని భార్యకు భూమిలో భాగం లేదు, చరాస్తులలో మాత్రం ఉంది. గదుల నిండా ఖడ్గాలున్న ఈయనకు వాటిలో ఒక్కటైనా అందుకొనడానికి కుమారుడు లేడు. అందువలన ఈ నియమాల అవసరమే రాలేదు. హక్కు దూరపు బంధువుల వరకు వెళ్ళింది.

చరాస్తులతో వచ్చే చిక్కు వేరు. భూమి ఎక్కడికీ కదలదు, దానికి రికార్డులుంటాయి. గిన్నె, గడియారం, పుస్తకం చేతులు మారితే జాడ దొరకదు. వాటి యాజమాన్యం మారడానికి రిజిస్ట్రేషను కూడా అవసరం లేదు. అందువలన ఎస్టేటు నిర్వాహకుల మొదటి పని వస్తువుల జాబితా తయారు చేయడం. ఈయన సేకరణలో కొంత భాగం ఈయన జీవితకాలంలోను, ఆ తరువాతను కనుమరుగైందని చాలామంది భావిస్తారు. రెండవ చిక్కు పంపకం. నగదును భాగాలు చేయవచ్చును గాని ఒక శిల్పాన్ని ముక్కలు చేయలేరు. అమ్మి సొమ్ము పంచితే వారసుల లెక్క తీరుతుంది, కాని మూడు తరాలు కూర్చిన సేకరణ చెల్లాచెదురవుతుంది.

ఎస్టేట్ కమిటీ, మ్యూజియం

ఆస్తి నిర్వహణకు ప్రభుత్వం సాలార్ జంగ్ ఎస్టేట్ కమిటీని నియమించింది. నాటి ముఖ్యమంత్రి ఎం.కె.వెల్లోడి ఈ వస్తువులను ప్రజల సందర్శనకు ఉంచాలని సంకల్పించాడు. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ వాటిని అమర్చడంలో సహాయపడ్డాడు. 1951 డిసెంబరు 16న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించాడు. అయితే ప్రదర్శనకు పెట్టినంత మాత్రాన వారసుల హక్కు తొలగిపోదు. చట్టపరంగా అవి అప్పటికి ఒక మృతుని పంపకం కాని ఆస్తి మాత్రమే.

1958లో కుటుంబసభ్యులకు, ప్రభుత్వానికి మధ్య రాజీ కుదిరింది. హైకోర్టు ద్వారా జరిగిన ఈ ఒప్పందంతో సేకరణ, గ్రంథాలయం భారత ప్రభుత్వానికి చెందాయి. ముస్లిం ధర్మశాస్త్రంలో వారసత్వం వస్తుందన్న ఆశను ముందుగా బదిలీ చేయడం చెల్లదు. మరణం తరువాత సంక్రమించిన భాగాన్ని మాత్రం వారసులు వదులుకొనవచ్చు, రాజీ చేసుకొనవచ్చు. ఈ ఏర్పాటు అటువంటిదే.

1961లో పార్లమెంటు సాలార్ జంగ్ మ్యూజియం చట్టాన్ని ఆమోదించి, మ్యూజియాన్ని, గ్రంథాలయాన్ని జాతీయ ప్రాముఖ్యత గల సంస్థగా ప్రకటించింది. గవర్నరు అధ్యక్షతన ఒక ధర్మకర్తల మండలి ఏర్పడింది. అందులో సాలార్ జంగ్ కుటుంబానికి కూడా ఒక స్థానం ఉంది. 1968లో మ్యూజియం మూసీ నది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలోని కొత్త భవనానికి మారింది.

ప్రాముఖ్యత

నేడు భారతదేశంలో సేకర్తల మరణానంతరం 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టాన్ని కూడా గమనించాలి. ఆ చట్టం క్రిందికి వచ్చే పురావస్తువులను వారసులు సొంతంగా ఎగుమతి చేయరాదు, నోటిఫై చేసిన రకాలను నమోదు చేయించాలి.  జాబితా, కమిటీ, రాజీ, ఆపై శాసనం అన్న క్రమంలో ఒక వ్యక్తి ఇంటిసామాను జాతి సంపదగా మారింది. సాలార్ జంగ్ మ్యూజియం హైదరాబాదులో ముఖ్య సందర్శన స్థలాలలో ఒకటి.